దగ్గరికొచ్చేశాం

కుట్టు టీచరమ్మ బండి నడపడం సరదా కొద్దీ నేర్చుకోలేదు. వాళ్ళాయన నడిపే తీరు చూసి ప్రాణభయంతో నేర్చుకుంది. ఆయన మంచి బోధకుడు. ఎంత మంచి బోధకుడంటే, స్టీరింగు చేతిలో ఉన్నా చూపు రోడ్డు మీద ఉండేది కాదు, వచ్చే ఆదివారం చెప్పబోయే వాక్యం మీద ఉండేది. రెండుసార్లు బండిని కాలవలోకి దించాక, "మీరు పక్కన కూచుని దేవుడితో మాట్లాడుకోండి, రోడ్డు సంగతి నేను చూసుకుంటాను" అని తాళం లాక్కుంది. అది పన్నెండేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత ఆయన ఆ బండి నడిపింది ఒకే ఒక్కసారి.

ఇప్పుడు ఏడు వారాలుగా ఆమే నడుపుతోంది. ఐదేళ్ళకోసారి ఇలా తిరగడం వాళ్ళ పనిలో భాగం. ఎక్కడో కొండల్లో సేవ చేసే మిషనరీ కుటుంబం, తమను పంపిన సంఘాలన్నిటినీ వరసగా చుట్టి రావాలి. వాళ్ళ ముందు నిలబడి, ఇదీ మేం చేసిన పని అని చెప్పి, ఫొటోలు చూపించి, మా కోసం ప్రార్థించండని అడగాలి. ఏడు ఆదివారాలు, ఏడు చర్చిలు. ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఖాళీయే కాబట్టి దారిలో పడే నేషనల్ పార్కులు మూడు చూడాలని చాలా ముందే అనుకున్నారు. అనుకున్నప్పుడు నలుగురు. బయల్దేరింది ముగ్గురు.

టీచరమ్మ దర్జీ కూతురు. పదేళ్ళకే కాజాలు తీసేది, పద్నాలుగేళ్ళకి కోటుకి అస్తరు వేసేది. వాళ్ళాయన తొలిసారి ఆ షాపుకి వచ్చింది జేబు చిరిగిన కోటు పట్టుకుని. బైబిలు జేబులో కుక్కి కుక్కి చింపుకున్నాడు. ఆమె కుట్టి ఇచ్చింది. నెల తిరక్కుండా అదే జేబు మళ్ళీ చింపుకొచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు, ఇతను చింపుకోవడం లేదు, కావాలనే చింపుతున్నాడని వాళ్ళ నాన్నకి అర్థమైంది. పెళ్ళి చేసి పంపేశాడు.

కొండల్లో ఆమె రేకుల షెడ్డు కింద ఆరు మిషన్లు పెట్టి ఆడవాళ్ళకి కుట్టు నేర్పింది. ఆయన మాట విని చర్చికి వచ్చినవాళ్ళ కంటే, ఆమె దగ్గర జాకెట్టు కత్తిరించడం నేర్చుకుందామని వచ్చి, ఊరికే కూచోలేక పాటలు పాడి, అలా చర్చిలో తేలినవాళ్ళే ఎక్కువ. ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు. షెడ్డులో ఆమెది ఒకటే రూలు. తప్పు కుట్టు పడితే దాని మీద ఇంకో కుట్టు వేసి కప్పెయ్యకూడదు. విప్పాలి, మళ్ళీ కుట్టాలి. ఎంత బతిమాలినా వినేది కాదు.

ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పెద్దది నోట్లో నాలుక లేనట్టుండేది. దాని వాటా కూడా కలిపి చిన్నది మాట్లాడేది. దాన్ని వాళ్ళ నాన్న ప్రశ్నల పుట్ట అనేవాడు. బండి ఎక్కించి గేటు దాటేలోపే, "నాన్నా, ఇంకా ఎంత దూరం?" అని మొదలుపెట్టేది. ఎదిగే పిల్ల కదా అని దాని గౌన్లకి టీచరమ్మ కింద నాలుగు వేళ్ళ మడత వదిలి కుట్టేది. ఏటా ఒక వేలు విప్పితే సరిపోతుందని లెక్క.

ఒక సంఘం వాళ్ళు ఏటా కొత్త క్యాలెండరు పంపేవారు. పన్నెండు నెలలకీ పన్నెండు నేషనల్ పార్కుల బొమ్మలు. చిన్నది తొమ్మిదో నెల బొమ్మ చింపి మంచం పక్కన అంటించుకుంది. పొగమంచులో ఒక పాత మహావృక్షం, దాని మొదట్లో చీమంత మనిషి. "మనం నలుగురం చేతులు పట్టుకుని నిలబడితే ఆ చెట్టు చుట్టూ సరిపోతామా అమ్మా?" అని అడిగేది. "వెళ్ళి చూద్దాంలే" అనేది టీచరమ్మ. "మరి సరిపోకపోతే?" "ఎవరినైనా పిలుద్దాం." "ఎవర్ని?" దానితో మాట్లాడి గెలిచినవాళ్ళు లేరు.

కిందటేడు ఒక శనివారం చిన్నదానికి కడుపునొప్పి, జ్వరం పట్టుకున్నాయి. ఆస్పత్రికి కొండ దిగి వెళ్ళాలి, మొత్తం నాలుగు గంటల ప్రయాణం. "తీసుకెళ్ళిపోదామండీ" అంది టీచరమ్మ. మర్నాడు బాప్తిస్మపు ఆరాధన. రెండేళ్ళుగా ఆ రోజు కోసం చూస్తున్న పదకొండు మంది పై ఊళ్ళ నుంచి నడిచి వచ్చేసి షెడ్డులో దిగి ఉన్నారు. "రేపు మధ్యాహ్నానికి అయిపోతుంది. అవగానే బయల్దేరదాం" అన్నాడాయన. ఆమె మాత్ర వేసింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మర్నాడు మధ్యాహ్నం పిల్లని వెనక సీట్లో ఒళ్ళో వేసుకుని ఆమె కూచుంటే, పెద్దదాన్ని ముందు ఎక్కించుకుని ఆయన బండి నడిపాడు. దారి పొడుగునా చిన్నది అడుగుతూనే ఉంది. కొండ దిగాక అడగడం మానేసింది. ఆస్పత్రిలో డాక్టరు, "ఒక్క పూట ముందు తీసుకురావాల్సింది" అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అంతే అన్నాడు.

అప్పట్నుంచీ ఆ బండిలో ఇంకా ఎంత దూరమని ఎవరూ అడగరు.

సంఘాలన్నిటికీ ఈ కబురు చెబుతూ ఉత్తరాలు వెళ్ళాయి. అయితే ఉత్తరం చదివేది ఒకరు, నోటీసు బోర్డు చూసేది వందమంది. ప్రతి చర్చి గుమ్మంలోనూ ఆ బోర్డు మీద వాళ్ళ ప్రార్థన కార్డు ఉంది. నలుగురి నవ్వు ముఖాలు, కింద 'వీరి కొరకు ప్రార్థించండి' అని. టీచరమ్మ ఆదివారం పొద్దున్నే వెళ్ళి హాల్లో బల్ల మీద గుడ్డ పరిచి, షెడ్డు ఫొటోలూ, కొండ ఆడవాళ్ళు కుట్టిన సంచులూ సర్దుతూ ఉంటే, ఎవరో ఒకావిడ నవ్వుతూ వచ్చేది. "వందనాలమ్మగారూ! చిన్నపాప కనపడదేం? బయట ఆడుకుంటోందా?" చెప్పాక ఆవిడ ముఖం చూడలేక మళ్ళీ ఈమే ఓదార్చాల్సి వచ్చేది.

మొదటి చర్చిలో ఆయన చిన్నదాని సంగతి చెప్పబోయి చెప్పలేకపోయాడు. మైకు పట్టుకుని అలా నిలబడిపోతే పాస్టరుగారు వచ్చి కూచోబెట్టారు. రెండో చర్చిలో చెప్పాడు. జ్వరం, ఆరాధన, పదకొండు మంది, అన్నీ చెప్పి ఒక్క క్షణం ఆగాడు. ఆగి, "అప్పుడు నా బిడ్డ నా చెయ్యి పట్టుకుని, నాన్నా, నా కోసం ఆగొద్దు, ముందు ఆరాధన జరిపించు, తర్వాతే నన్ను తీసుకెళ్ళు అంది" అన్నాడు.

ముందు వరసలో కూచున్న టీచరమ్మ ఉలిక్కిపడింది. చుట్టూ ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. స్తోత్రం, స్తోత్రం అని హాలు దద్దరిల్లింది. మనిషి తట్టుకోలేక ఏదో నోరు జారాడనుకుంది. మూడో చర్చిలోనూ అదే చోట అదే జారడం. నాలుగో చర్చికి రుమాలు తోడయింది. ఐదో చర్చిలో ఆమె లోపల అంకెలు లెక్కపెట్టుకుంటే, ఎనిమిది అనేసరికి జేబులోంచి రుమాలు బయటికొచ్చింది. ఆయన దొంగ ఏడుపు ఏడుస్తున్నాడని కాదు. ఏడుపు నిజమే, మాటే కాదు. ఆ మనిషి ఏడుస్తుంటే ఆ మాట అబద్ధమని ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. నోరు మూసుకుని బండి నడిపింది.

ఆరో చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ఫ్రేము కట్టించిన కుట్టుపని ఒకటి బహూకరించారు. అయ్యగారి సాక్ష్యం ముందే ఆ నోటా ఈ నోటా వాళ్ళ దాకా వెళ్ళిందట. తెల్లగుడ్డ మీద నీలిదారంతో, 'నాన్నా, నా కోసం ఆగొద్దు' అని అక్షరాలు, చుట్టూ పువ్వుల తీగ. ముగ్గురు ఆడవాళ్ళు మూడు వారాలు కూచుని కుట్టారు. టీచరమ్మ చేత్తో తడిమి చూసింది. వెనక ముడులు కూడా కనిపించని శుభ్రమైన పని. ఎక్కడా ఒక్క కుట్టు వదులు లేదు. షెడ్డులో ఎవరైనా అలా కుట్టి చూపిస్తే మెచ్చుకునేది. "చాలా బాగుందమ్మా" అని వాళ్ళకీ చెప్పింది.

మర్నాడు మూడో పార్కుకి బయల్దేరారు. తొమ్మిదో నెల బొమ్మలోది. గంట గడిచాక వెనక నుంచి చిన్న చప్పుడు వస్తుంటే టీచరమ్మ అద్దంలో చూసింది. పెద్దది ఫ్రేములోంచి గుడ్డ బయటికి తీసి ఒళ్ళో పరుచుకుని, అమ్మ కుట్టు పెట్టెలోని విప్పుడు కత్తితో అక్షరాలు ఒక్కొక్కటే విప్పుతోంది. పువ్వుల జోలికి పోలేదు.

"అదేంటే! వాళ్ళు అంత కష్టపడి కుడితే?"

"తప్పు కుట్టు విప్పాలని నువ్వే కదమ్మా చెప్తావ్" అంది పెద్దది, తలెత్తకుండా.

పక్క సీట్లో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. నిద్రపోతే ఆయనకి నోరు తెరుచుకుంటుంది.

పార్కులో బండి ఆపి, చెక్క బాట మీద అరగంట నడిస్తే చెట్టు వచ్చింది. బొమ్మలో కనిపించేదానికీ దీనికీ పోలికే లేదు. బెరడు మడతల్లో మనిషి చెయ్యి మోచేతి దాకా దిగిపోతుంది. పైకి చూస్తే మెడ నొప్పి పుట్టింది గానీ కొన కనపడలేదు. ఎవరో కుటుంబం ఫొటో తీయించుకుంటూ గోల చేస్తున్నారు. పక్కనే ఒక పలక మీద రాసి ఉంది: ఈ చెట్టును చుట్టడానికి పద్దెనిమిది మంది చేతులు కలపాలి.

నలుగురం సరిపోయేవాళ్ళం కాదన్నమాట, అనుకుంది టీచరమ్మ. చిన్నదానికి ఈ సంగతి చెబితే, మరి మిగతా పద్నాలుగు మంది ఎవరెవరని రాత్రి దాకా ప్రాణం తీసేది. ఆ తలపుకి నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. బెరడుకి ముఖం ఆనించి ఏడ్చింది.

పెద్దది వాళ్ళ నాన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నాన్నా, చెల్లి ఆ మాట అనలేదు."

"ఏ మాటమ్మా?" అన్నాడు, తెలిసే.

"నా కోసం ఆగొద్దని. నేను దాని కాళ్ళ దగ్గరే కూచుని ఉన్నాను. ఎప్పుడు బయల్దేరతాం అని అడిగింది. మీరు రేపు అన్నారు. అంతే."

ఆయన నీళ్ళు నమిలాడు. "నీకు సరిగ్గా గుర్తు లేదేమో తల్లీ. జ్వరంలో మెల్లిగా..."

"జ్వరం దానికి నాన్నా. నాకు కాదు."

అని విసవిసా బండి వైపు నడిచిపోయింది. అది ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

చెట్టు ఎదురుగా ఉన్న బెంచీ మీద మొగుడూ పెళ్ళాలు కూచున్నారు. టీచరమ్మే మొదలుపెట్టింది. "ఏమండీ, వచ్చే ఆదివారం ఆ మాట చెప్పకండి. నాకు మిగిలినవి దాని మాటలు పిడికెడు. వాటిలో కల్తీ కలపకండి. నా వల్ల కావట్లేదు."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "మొదటిసారి నోటికొచ్చేసింది. ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఇప్పుడు చెప్పీ చెప్పీ అది అన్నట్టే వినపడుతోంది." ఆమె వైపు తిరిగి, "అది ఆ మాట అననే అనకపోతే, మరి నేనేం చేసినట్టు?" అన్నాడు.

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాటని ఊతకర్రలా పట్టుకుని నిలబడ్డాడు. లాగేస్తే పడిపోతాడు. లాగకపోతే, ఆ మాట ఇలా ఊరూరా తిరిగి, ఇంకో పదేళ్ళకి తన బిడ్డ చెప్పిన మాటగా అదొక్కటే మిగులుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, రోజుకి నూరు ప్రశ్నలు అడిగిన పిల్ల, చివరికి గోడ మీద ఫ్రేములో ఒక్క ముక్క. అదీ తనది కానిది.

ఏడో చర్చి అన్నిటికంటే పెద్దది. మేడ మీద కూడా కుర్చీలు నిండాయి. పెద్దది లోపలికి రానని బండిలోనే ఉండిపోయింది. ఆయన జ్వరం దాకా చెప్పాడు, ఆరాధన దాకా చెప్పాడు, ఆగాడు. ముందు వరసలో ఉన్న భార్య వైపు ఒకసారి చూశాడు. మరుక్షణం చూపు దించుకుని, "అప్పుడు నా బిడ్డ నా చెయ్యి పట్టుకుని..." అన్నాడు. మొత్తం అన్నాడు. హాలంతా స్తోత్రం అంది.

ఆయన కూచున్నాక పాస్టరుగారు లేచారు. "అమ్మగారు కూడా వచ్చి రెండు మాటలు చెప్తారు."

ప్రతి చర్చిలోనూ పిలుస్తారు. ప్రతి చర్చిలోనూ ఆమె, "అందరికీ వందనాలు, మా కోసం ప్రార్థించండి" అని నిజంగానే రెండు మాటలు చెప్పి కూచుంటుంది. ఆ రోజు వెళ్ళి మైకు పట్టుకుంది.

"అందరికీ వందనాలు. మా పాప ఆ మాట అనలేదండీ" అంది. "ఆరాధన అయ్యాకే వెళ్దామని అన్నది మేము. అయ్యగారు ఒక్కరే కాదు. నేను కూడా సరేనన్నాను. నాకు బండి నడపడం వచ్చు. మిమ్మల్ని చూడ్డానికి ఇంత దూరం నేనే నడుపుకొచ్చాను. ఆ శనివారం తాళం తలుపు పక్కన మేకుకే ఉంది. పిల్లకి తడిగుడ్డ మార్చడానికి లేచినప్పుడల్లా నాకు కనపడుతూనే ఉంది. నేను తియ్యలేదు."

మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఆయన ఆ మాట చెప్తుంటే ఇన్ని వారాలూ నేనెందుకు ఊరుకున్నానో నాకు మొన్ననే తెలిసింది. అది నాకూ హాయిగానే ఉంది. మా ఇద్దరి తప్పూ పాప తన నెత్తిన వేసుకున్నట్టు ఉంది. అది చిన్నపిల్లండీ. దానికంత పెద్ద మాటలు రావు. దారిలో అది అడిగింది ఒక్కటే. అమ్మా, ఇంకా ఎంత దూరం? అడిగినప్పుడల్లా దగ్గరికొచ్చేశాం తల్లీ అన్నాను. మీరు దాన్ని తలుచుకుంటే ఆ మాటతో తలుచుకోండి. అది దానిది."

మైకు స్టాండులో పెట్టి దిగింది. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ పాలుపోలేదు. పాస్టరుగారు లేవబోయి మళ్ళీ కూచున్నారు. ఆయన వేదిక మీద కుర్చీలో రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. రుమాలు తీయడం మర్చిపోయాడు.

అన్ని చర్చిల్లోనూ ఆరాధన అయ్యాక బల్ల దగ్గర జనం మూగేవారు. అక్కడ మాత్రం పక్క నుంచి తప్పుకుని వెళ్ళిపోయారు. టీచరమ్మ ఫొటోలు తీసి పెట్టెలో పెడుతుంటే, హాలు ఊడవడానికి చీపురు పట్టుకొచ్చిన ముసలావిడ ఒకామె ఆగి, గుడ్డకి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడత పెట్టారు.

"పాప ఏం చదివేదమ్మా?" అంది ముసలావిడ.

ఏడు చర్చిల్లో ఎవరూ అడగని మాట అది. "మూడో క్లాసు" అంది టీచరమ్మ. "లెక్కలంటే మాత్రం సున్నా. వేళ్ళు అయిపోతే కాలివేళ్ళు లెక్కపెట్టేది." ముసలావిడ నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుని పెట్టె ఎత్తుకుంది.

కొండలకి తిరుగుదారి పట్టారు. ఊరు దాటారు. ఆయన తిడతాడనో, అసలు ఇక మాట్లాడడనో ఆమె అనుకుంది. దేనికైనా సిద్ధపడే ఉంది.

"పదకొండు కిలోమీటర్లు" అన్నాడాయన.

"ఏంటి?"

"ఆ రోజు నువ్వు చివరిసారి దగ్గరికొచ్చేశాం అన్నప్పుడు ఆస్పత్రికి పదకొండు కిలోమీటర్లుంది. కిలోమీటరు రాయి చూశాను. వెనక్కి తిరిగి చూడ్డానికి భయమేసి రాళ్ళే చూస్తూ నడిపాను." చూపు రోడ్డు మీదే ఉంది. "నువ్వు అబద్ధం చెప్పలేదు. దగ్గరే."

ఆమె బండి రోడ్డు పక్కకి తీసి ఆపింది. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉంది. ఆయన చెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది. తీసెయ్యమనలేదు. లారీలు పక్క నుంచి వెళ్తుంటే బండి ఊగుతోంది. తర్వాత ముఖం తుడుచుకుని, అద్దం సరిచేసుకుని, మళ్ళీ రోడ్డెక్కించింది.

చాలాసేపటికి వెనక సీటు నుంచి పెద్దది పిలిచింది.

"అమ్మా."

"ఊఁ."

"ఇంకా ఎంత దూరం?"

టీచరమ్మ అద్దంలో చూసింది. పెద్దది తన వైపే చూస్తోంది, జవాబు కోసం. అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి మీటరు చూసింది, మనసులో లెక్క కట్టుకుంది.

"ఆరువందల నలభై కిలోమీటర్లు" అంది. "చాలా దూరమే తల్లీ. ఇవాళ చేరలేం."